సింహం తల కింద పువ్వు

బొబ్బిలి కాంప్లెక్స్‌లో బావమరిది ఎక్కాల్సిన గరివిడి బస్సు కోసం బావా బావమరుదులిద్దరూ నిలబడ్డారు. బావ చేతిలో ఫోన్, అందులో వీడియో. ఒక్కటే ఇయర్‌ఫోన్, చెరో చెవిలో ఒక కొస.

“ఈ మధ్య ఏటి ఇంటన్నావని అడిగితే ఇదా బావా? డీజే పాటలకి గెంతేవోడివి, వీణ కచేరీ ఏటి!”

“వారం నుంచీ ఇదేరా. ఆ తీగ లాగినకాడ సూడు, ఎలా మోగతందో!”

“బాగున్నాది గానీ, ఎవలీవిడ?”

“నాకేటి తెల్సు? సెన్నైలో ఎవలో. ఆవిడ్ని కాదురా, వీణని సూడు. సింహం తల కింద సిన్న పువ్వు కనబడతందా?”

“ఆ, ఉన్నాది.”

“అక్కడ నా ఉలి జారిపోనాది. మేస్త్రీ తిడతాడని ఆ గాటు మీద పువ్వు సెక్కీసినాను.”

“ఓలమ్మో! ఇది నువ్వు సేసిన వీణా?”

“పనస దుంగ కాడి నుంచీ నేనే తొలిసినాను! పన్నెండేళ్లుగా వీణలు సేస్తన్నాను. తీగలు బిగించీడం, పెట్టెలో పెట్టి పంపించీడం, అంతే. నేను సేసిన వీణ మీద పాట మొత్తం ఇనడం ఇదే మొదలురా! అదిగో, నీ బస్సొచ్చీసినాది. ఎల్లు, డ్యూటీకి లేటైపోద్ది.”

“ఎల్లిపోనీ, ఎనకాల ఇంకోటి వస్తాది. మొదట్నుంచీ పెట్టు, బావా.”