రెండుకీ మూడుకీ మధ్య

పొద్దుటి నుంచి ఆకాశం మబ్బేసుకుని ఉంది, కురవదు, విడవదు. నాలుగో అంతస్తుకి బయల్దేరిన లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరే: పల్లె నుంచి వచ్చిన మామ, లిఫ్టులు బాగుచేసే అల్లుడు. మామ చేతిలో క్యారేజీ.

"ఆగిందేంటయ్యా?"

"ఏం లేదు మామయ్యా, ఒక్క నిమిషం. భయపడకండి."

"నాకేం భయం, లిఫ్టు మెకానిక్కు పక్కనే ఉంటేను. చెమటలు నీకు పడుతున్నాయి. బీపీ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. మీ అమ్మాయి ఉప్పు కూడా మాన్పించేసిందిగా."

"సరే, తలుపు తీయి మరి."

"లోపల్నుంచి రాదు. బయట్నుంచి తాళంచెవి పెట్టాలి. నాతో పనిచేసే మావాడికి ఫోన్ చేస్తున్నా... రింగవుతోంది. లిఫ్ట్ చేయట్లేదు."

"లిఫ్టు బాగుచేస్తున్నాడేమో, లిఫ్ట్ చేయడానికి ఖాళీ ఉండొద్దూ?"

"మీకన్నీ వేళాకోళమే."

"లేకపోతే ఏంటి? ఒకప్పుడు మా ఊళ్ళో లిఫ్ట్ అంటే ఒకటే, కాలవ నీళ్ళు మెరక చేలకి ఎక్కించే మోటారు. రోడ్డు పడ్డాక, చెయ్యెత్తితే బండివాడు ఎక్కించుకోవడమూ లిఫ్టే అన్నారు. పొద్దున నేనొచ్చింది అలాగే, కట్టెల లారీలో. ఇక్కడికొస్తే ఈ పెట్టె లిఫ్ట్. ఫోనెత్తినా లిఫ్టే. ఎత్తడం అని మనకో మాట ఉందిగా, అదేం పాపం చేసింది?"

"అలవాటైపోయింది మామయ్యా."

"మా చిన్నాన్న కొడుకుని పట్టుకుని నీకీ పని ఇప్పిస్తే, 'మామయ్యే నాకు లిఫ్ట్ ఇచ్చాడు' అన్నావు. పదిమందికి చెప్పుకుని మురిసిపోయాను."

"ఇప్పటికీ అంటాను."

"సర్లే. అమ్మాయి పైనే ఉందిగా?"

"ఆఁ... ఉంది. పడుకుంది."

"ఇంత పొద్దెక్కాకా?"

"కాస్త నలతగా ఉందంటేనూ..."

"అయితే ఓ కేకెయ్యి. వినపడుతుంది."

"వద్దు మామయ్యా, నిద్రలో..."

"పోనీ ఫోన్ చెయ్యి."

"లిఫ్ట్ చేయదు."

"నిద్రా, కోపమా?"

"ఉండండి, మావాడికి మళ్ళీ చేస్తా... ఎత్తడే! వెధవ! ఇక్కడ మనుషులు ఇరుక్కుపోయి చస్తుంటే..."

"తిట్టకు. ఏ పెట్టె నెత్తినెక్కి ఉన్నాడో. పైన ఉన్నంతసేపు ఫోను ముట్టుకోకూడదని నువ్వేగా చెప్పావు."

"అవును. చెయ్యి జారితే ప్రాణమే పోతుంది."

"మరి దిగాక?"

"దిగాక ఏంటి?"

"ఎవరు చేశారో చూసుకోరూ?"

"...చూసుకుంటాం."

"చూసుకుని?"

"మామయ్యా, మీకు... మీకేమన్నా తెలుసా?"

"నేనేమెరుగుదును, పల్లెటూరివాణ్ణి. నువ్వు చెప్పు. ఎక్కడికీ పోలేవుగా."

"తను పైన లేదు."

"ఊఁ."

"మొన్న బాల్కనీలో బట్టలారేస్తుంటే తలుపు మూసుకుని, లోపలి గడియ దానంతటదే పడిపోయింది. ఎండలో ఇరుక్కుపోయింది. ఒకటే ఫోన్లు నాకు. దిగాక చూశాను మామయ్యా, చూశాను. ఉల్లిపాయలు తెమ్మనడానికేమో అనుకుని ఇంకో లిఫ్టు దగ్గరికి వెళ్ళిపోయాను. చివరికి ఎదురింటివాళ్ళు వచ్చి తీశారు."

"ఆ గడియ సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. ఎన్నిసార్లు చెప్పిందో. రేపు, రేపు అన్నాను."

"ఊళ్ళోవాళ్ళ తలుపులన్నీ తీస్తావు."

"తనూ అదే మాట అంది. అని వెళ్ళిపోయింది. తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. మీకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. పోనీలే, మీ దగ్గరైనా ఉండుంటుంది అనుకున్నా. ఇందాక గేటు దగ్గర మీరు 'అమ్మాయిని చూసిపోదామని వచ్చా' అనేసరికి అక్కడా లేదని అర్థమైంది."

"గడియ బాగుచేశావా?"

"మొత్తం పీకేసి కొత్తది వేశాను."

"ఇల్లు ఖాళీ అయ్యాక."

"అవును మామయ్యా."

"కూర్చో. వాడు ఎప్పటికొస్తాడో. క్యారేజీ విప్పుతాను, ఇద్దరం తిందాం."

"నాకొద్దు. ముద్ద దిగదు మామయ్యా."

"దిగకుండా మధ్యలో ఆగడానికి అదేమన్నా నీ లిఫ్టా? తిను."

"అత్తయ్య వంటంటే ఉప్పు చెయ్యి జారుతుంది..."

"ఒక్క పూటకి చావవులే. కలుపుకో."

"సరే."

"ఏంటి, ముద్ద పెట్టుకుని ఆగిపోయావు?"

"మామయ్యా, కూరలో ఉప్పు లేదు."

"అవును. పొద్దున రుచి చూసి నేనూ అదే అన్నాను. 'నీకు కాదులే నాన్నా, పట్టుకెళ్ళు' అంది."

ఇద్దరూ కలిసి క్యారేజీ ఖాళీ చేశారు.