బారెడు అక్షరం

"నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. సగంలో నవ్వారో, ఊరుకోను!" అంటూ బోర్డుల బాబాయ్ టీ కొట్టు బల్ల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. చేతుల్లో టీ ఇంకా వేడిగా ఉంది మరి.

ఆయన ఆరాటానికి కారణం లేకపోలేదు. టీ కొట్టు అక్క కొత్తగా కొన్న రేకు బోర్డు గోడకి ఆనించి ఖాళీగా ఉంది. సాయంత్రం ప్రింటింగ్ షాపతను కొలతలకి వస్తాడు. రెండేళ్లుగా బాబాయ్‌కి కుంచె పట్టే పనే తగల్లేదు. ఈ బోర్డు కూడా చేజారితే ఇక కుంచెలు అటకెక్కినట్టే.

"ఇరవై ఏళ్ల కిందట కళ్లజోళ్ల షాపాయన నా దగ్గరికొచ్చి, రోడ్డవతలికి బోర్డు కనబడటం లేదని లబోదిబోమన్నాడు. కనబడదు మరి! సన్నటి అక్షరాలు, వాటికి మళ్లీ మెలికలూ తోకలూ. అన్నీ పీకేశాను. మొదలు నుంచి చివరిదాకా ఒకటే మందం. ఎత్తు జానెడు, అడ్డం బారెడు. నా అక్షరం నిలబడదమ్మా, కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది!"

"అన్నిటికీ అదే రాస్తావా?" పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ అడిగింది అక్క.

"మందు సీసా మీద రాస్తే, రోగి చదివేలోగా జ్వరమే తగ్గిపోతుంది! అది దూరానికమ్మా. బోర్డుకి, బస్సు నుదుటికి. పొద్దున మొదటి అక్షరం మొదలుపెట్టాను. మధ్యాహ్నం మీ పిన్ని క్యారేజీ తెచ్చి అక్షరం ఈ చివర నిలబడింది, నేనేమో ఆ చివర ఉన్నాను. నా దాకా నడిచొచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పిన్ని తిట్టింది," అన్నాడు టీ తాగుతున్న మెకానిక్ ఒకడు.

"అది రోజూ ఉండేదే! రెండు వీధుల అవతలి నుంచి బోర్డు చదివేసి, 'మా చూపు బాగైపోయింది' అని జనం కళ్లజోళ్లు తిరిగిచ్చేశారు. సముద్రం మీద పోతున్న ఓడ కెప్టెన్ కూడా బోర్డు చదువుకుని, ఓడ ఒడ్డుకి తిప్పి, వచ్చి జోడు కొనుక్కెళ్లాడు!"

"సముద్రం ఇక్కడికి ఒక పూట ప్రయాణం బాబాయ్," అన్నాడు మెకానిక్.

"అందుకే సాయంత్రానికి గానీ రాలేకపోయాడు!"

"చూసినవాళ్లెవరైనా ఉన్నారా?" అడిగింది అక్క.

"ఎందుకు లేరు? ఇదిగో, సెలూన్ పెద్దాయన. ఆ షాపు పక్కదే ఈయనది. అడగండి!"

మూలన కూర్చున్న సెలూన్ పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "అక్షరం వెడల్పన్నది నిజమేనమ్మా. ఎంత వెడల్పంటే, ఆఖరిది బోర్డులో పట్టక నా తలుపు మీద రాశాడు. ఇరవై ఏళ్లుగా జనం జోడు కావాలంటూ నా కుర్చీలో కూర్చుంటున్నారు. గడ్డం గీసి పంపిస్తున్నాను."

కొట్టంతా గొల్లుమంది. బాబాయ్ చూపు ఖాళీ బోర్డు మీదికి పోయింది.

అక్క నవ్వాపుకుని, ధరల పలక కింద నుంచి సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. "ముందు సుద్దతో గీసి చూపించు బాబాయ్. అక్షరాలన్నీ బోర్డులో పడితే రంగు వేసే పని నీదే. లేదంటే, సాయంత్రం ప్రింటింగ్ షాపతను ఎలాగూ వస్తాడు."

బాబాయ్ లేచాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు: అక్షరాలు లెక్కపెట్టాడు, బోర్డంతా జానలతో కొలిచాడు, ఊపిరి బిగబట్టి గీశాడు. ఆఖరి అక్షరం పక్కన రెండు వేళ్ల చోటు మిగిలింది.

"సరే, రంగు కలుపుకో," అంది అక్క.

ఆ మాటతో బాబాయ్ ఛాతీ మళ్లీ పొంగింది. "చూశారా! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా అక్షరం ఒక్కటి బోర్డు దాటిందా? కావాలంటే సాక్షి..."

"నా తలుపు," అన్నాడు సెలూన్ పెద్దాయన.