రెట్టింపు చుట్లు

ఈ కథలో రాజు లేడు, రాణి లేదు, ఏడు సముద్రాల అవతల దాచిపెట్టిన ప్రాణమూ లేదు. ఒక వీధి మలుపులో ఒక మోటారు వైండింగు షాపు, దాన్ని ఆనుకుని ఒక టీ కొట్టు ఉండేవి. రెండింటికీ మధ్య గోడ లేనందువల్ల టీకి వచ్చినవాళ్ళంతా వైండింగు మేస్త్రి మాటలు కూడా తాగి వెళ్ళవలసి వచ్చేది. మేస్త్రికి యాభై ఏళ్ళు. కాలిపోయిన మోటారును వాసన చూసి, అది ఏ పూట కాలిందో చెప్పగలనని ఆయన అనేవాడు. కాదని నిరూపించినవాళ్ళు లేరు కనుక ఆ మాట అలాగే చెల్లిపోయేది.

షాపు లోపల ఆయన అక్క ఫ్యానుకు రాగితీగ చుడుతూ ఉండేది. అక్కాతమ్ముళ్ళిద్దరూ తండ్రి దగ్గరే పని నేర్చుకున్నారు. పెళ్ళయ్యాక ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయి, పోయిన ఏడాదే తిరిగి వచ్చి మళ్ళీ ఆ పీట మీద కూర్చుంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఆవిడ మాట్లాడదు. మాట్లాడితే లెక్క పోతుంది, లెక్క పోతే చుట్టిందంతా విప్పాలి. అందుకని పెదవులు మాత్రం కదుపుతూ చేతిపని సాగిస్తుంది. మేస్త్రి తన పెద్ద పెద్ద కోతలన్నీ అక్క చుట్టే వేళకే అట్టేపెట్టుకుంటాడని టీ కొట్టాయన అనుమానం.

ఆ సాయంత్రం బడి నుంచి సంగీతం టీచరు వచ్చింది. వయసులో చిన్నది, చేతిలో ఒక కాగితం. బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, పాత విద్యార్థులతో ఒక సభ చేస్తున్నామని, ముప్ఫై నాలుగేళ్ళ కిందట అదే హాల్లో రాక్ పాట పాడిన ఇద్దరూ మళ్ళీ వేదిక ఎక్కాలని అడిగింది. ఆవిడ మాట పూర్తి కాకముందే మేస్త్రి ఒప్పుకున్నాడు. గిటారు ఆయనది. పాడవలసినవాడు ఎదురు కొట్టు దర్జీ. ఆయనకు ఊరు పెట్టిన పేరు నిదానం. సొంత పేరు ఎవరికీ గుర్తు లేదు.

అక్కడే టీ తాగుతున్న దర్జీ గ్లాసు కింద పెట్టాడు. తాను పాటను సాగదీస్తానని, ఆ రోజు సభ పాడైంది తన వల్లనేనని, అప్పటి నుంచి పాట నోటికి రానివ్వలేదని, ఆఖరికి పిల్లల ఉయ్యాల దగ్గర కూడా పాడలేదని నెమ్మదిగా చెప్పాడు. వేరేవాళ్ళను చూసుకొమ్మన్నాడు. సభ కాగితం ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్ళాలి. గాయకుడి పేరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. వద్దన్న తర్వాత కూడా దర్జీ ఆ ఖాళీ వైపు రెండుసార్లు చూడటం టీచరు గమనించింది.

“వాడి మాటకేం గానీ టీచరమ్మా,” అన్నాడు మేస్త్రి స్టూలు ముందుకు జరుపుకుంటూ, “అసలు ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్తా వినండి. విన్నాక ఇంత గొప్ప గాయకుణ్ణి వదులుకోవాలో వద్దో మీరే చెప్పండి. అప్పుడు మాకు పదహారేళ్ళు. మా ఇంట్లో ఒక టేపు రికార్డరు, దానికి ఒకే ఒక్క క్యాసెట్టు, అన్నీ రాక్ పాటలు, వాళ్ళు ఏ దేశం వాళ్ళో తెలీదు, అట్ట మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది, భాష ఒక్క ముక్క అర్థం కాదు, అయినా సరే బడి నుంచి వచ్చామా, పుస్తకాలు విసిరేశామా, దాని ముందు కూర్చున్నామా, అంతే. అలా వాయించీ వాయించీ ఒక మధ్యాహ్నం దాని మోటారు కాలింది. బొటనవేలంత మోటారు. నాన్న కునుకు తీస్తున్నాడు. నేనే విప్పాను, నేనే చుట్టాను, ఆయన లేచేసరికి పాట మోగుతోంది. ఇంతే. ఇందులో గొప్పేం లేదు.”

గొప్పేం లేదని మేస్త్రి అన్నాడంటే గొప్ప ఇంకా మొదలు కాలేదని అర్థం. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి బల్ల మీద మోచేతులు ఆన్చాడు.

“ఆ తీగ ఎంత సన్నమో తెలుసా? తల వెంట్రుకను నిలువునా నాలుగు చీలికలు చేస్తే అందులో ఒకటి. దాన్ని చూసి సాలెపురుగులు సిగ్గుపడి మా షాపు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. ఇప్పటికీ ఇక్కడ బూజు ఉండదు, కావాలంటే చూడండి.”

“ఆ మూల ఉన్నదేమిటి మేస్త్రీ?” అన్నాడు టీ కొట్టాయన.

“అది దుమ్ము. ఇంకా వినండి, మామూలువాడైతే పాత చుట్లు ఎన్నో అన్నే చుడతాడు. నేను రెట్టింపు చుట్టాను. రెట్టింపు చుట్లు, రెట్టింపు బలం. పదహారేళ్ళ బుర్రకు ఆ ఆలోచన రావడమే గొప్ప.”

షాపు లోపల అక్క పెదవులు ఒక్క చుట్టు సేపు ఆగి, మళ్ళీ కదిలాయి.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీట నొక్కాను. గొంతు పాతాళంలోంచి వచ్చింది. అంతకుముందు ఆ పాడేవాడు మనిషి. ఇప్పుడు పర్వతం. ఒక్కో మాట ఒక్కో బండరాయి, దొర్లుకుంటూ వచ్చి గుండె మీద ఆగేది. బల్ల వణికేది. ఆ వణుకుకు రికార్డరు నడుచుకుంటూ వెళ్ళి గడప దాటి వీధిలో పడేది, మేం వీధి చివరిదాకా పరిగెత్తి పట్టుకొచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టేవాళ్ళం.”

మరి కరెంటు వైరు ఏమయ్యేదని టీచరు అడిగింది. వైరు దాని వెంటే వెళ్ళేదని మేస్త్రి తడుముకోకుండా చెప్పాడు.

సభలో కొత్త పాటొకటి పాడాలని, మొదటి వైపు మోజులో పడి మోటారు కాలకముందు ఎన్నడూ తిప్పి వినని రెండో వైపు పాటను ఎంచుకున్నారట. ఆ పర్వతం గొంతును అందుకోవడానికి దర్జీ నెల రోజులు సాధన చేశాడట. నీళ్ళు నిండిన బానలో తల ముంచి పాడితే బానలో నీళ్ళు మరిగేవట, ఆ నీళ్ళతో వీధి వీధంతా స్నానం చేసేదట.

“బాన కాదు, బకెట్టు,” అన్నాడు దర్జీ. అనకూడదనుకున్న మాట అనేసినట్టు వెంటనే టీ అందుకున్నాడు. నీళ్ళు మరగలేదని మాత్రం అనలేదు.

“చూశారా, వాడే ఒప్పుకున్నాడు. ఇక సభ రోజు. హాల్లో రెండు వేల మంది. కుర్చీలు రెండు వందలే, నిజమే, కానీ కుర్చీకి పది మంది. గిటారు నాది, డ్రమ్మూ నాదే, కుడికాలితో. మొదటి తీగ మీటాను. హెడ్మాస్టరు కళ్ళజోడు పటుక్కున పగిలింది. రెండో తీగ మీటాను. గోడ గడియారం ఆగిపోయి మా వైపు తిరిగింది. మూడో తీగకు పై ఫ్యాన్లన్నీ రెక్కలు ముడుచుకుని వినడం మొదలుపెట్టాయి. అప్పుడు వీడు నోరు తెరిచాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం జనమంతా లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.”

దర్జీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అది గమనించిన మేస్త్రి గొంతు ఇంకాస్త పెంచాడు.

ఈ ఊరి స్టేషన్లో ఏనాడూ ఆగని రైలుబండి ఆ రోజు ఆగిందట. డ్రైవరు దిగి వచ్చి హాలు కిటికీ పట్టుకుని నిలబడ్డాడట. బండి ఎందుకు ఆపావని నిలదీయడానికి వచ్చిన గార్డు పక్క కిటికీ పట్టుకున్నాడట. ప్రయాణికుల్లో సగం మంది ఇక ఎక్కడికీ పోమని ఈ ఊళ్ళోనే ఇళ్ళు కట్టుకున్నారట, టీ కొట్టాయన మామగారు అలా దిగినవాడేనట.

“మా మామ ఇక్కడే పుట్టాడు మేస్త్రీ.”

“పుట్టడం ఇక్కడే పుట్టాడు. దిగడం ఆ రోజు దిగాడు. రెండూ నిజమే. అది అలా ఉంచండి. మర్నాడు స్టేషన్ మాస్టరు గదిలో ఫోను మోగింది. ఎవరనుకున్నారు? ఆ పాట కట్టినవాళ్ళే, సముద్రాల అవతలి నుంచి. మా పాటను మీరు పాడినట్టు ఇకమీదట మేం కూడా పాడుకోవచ్చా అని మమ్మల్ని అనుమతి అడిగారు.”

“ఏ భాషలో అడిగారు మేస్త్రిగారూ?” అంది టీచరు. నవ్వు ఆపుకోవడం ఆవిడకు కష్టంగా ఉంది.

“ఏడుస్తూ అడిగారమ్మా. ఏడుపుకు భాషేముంది? సరే పొమ్మన్నాను. అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. మేం పాడుతుంటే పడమటి కిటికీలో సూర్యుడు ఆగిపోయాడు. ఏడు నిమిషాలు. పంచాంగాలన్నీ మళ్ళీ రాసుకున్నారు. నేను గిటారు కింద పెట్టి, ఇక వెళ్ళవయ్యా, జనం ఇళ్ళకు పోవాలి అన్నాక, అప్పుడు కుంగాడు.”

మేస్త్రి ఒళ్ళంతా వెలిగిపోతోంది. లేచి నిలబడి, లేని గిటారును పొట్ట మీద పట్టుకుని, కుడికాలితో నేలను తంతూ మొదటి తీగ ఎలా మీటాడో చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు అక్క చివరి చుట్టు పూర్తి చేసింది. తీగ కొస తెంపింది, ముడి వేసింది, చేతులు గుడ్డకు తుడుచుకుంది.

“ఒరే తమ్ముడూ,” అంది. “చుట్లు పెరిగితే మోటారు జోరుగా తిరుగుతుందా, మెల్లగానా?”

మేస్త్రి కాలు గాలిలోనే ఆగింది. వేల మోటార్లు చుట్టిన చేతులు ఆయనవి.

“టీ తాగుతావా అక్కా?”

“అడిగింది చెప్పు.”

“మెల్లగా,” అన్నాడు మేస్త్రి.

“రెట్టింపు అయితే?”

“సగానికి.”

టీచరు ముఖంలో నవ్వు పోయింది. టేపు సగం వేగంతో తిరిగితే పాట సగం వేగంతో నడుస్తుందని, పాడేవాడిది ఎంత పల్చటి గొంతైనా అలా పాతాళంలోకి దిగిపోతుందని చెప్పింది. వాళ్ళు నేర్చుకున్నది ఉరుకుల పరుగుల పాట అయి ఉంటుందని, దాన్నే ఏడుపు పాటలా విన్నారని, విన్నది విన్నట్టు అచ్చంగా పాడారని చెప్పింది.

దర్జీ ఎవరి వైపూ చూడకుండా చెప్పుకొచ్చాడు. జనం లేచి నిలబడింది నిజమే. ఎవరో పోతే పాడే పాట అనుకున్నారు. పాట అయ్యాక కూడా రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. ఎవరు పోయారని హెడ్మాస్టరు పిలిచి అడిగితే, గాయకుడు సాగదీశాడు సార్, వాడి వెంట నేను పోవలసి వచ్చింది అని గిటారు వాయించినవాడు చెప్పాడు. ఆ మాటతోనే ఈ పేరు అంటుకుంది.

“మర్నాడు పొద్దున్నే మీ ఇంటికి వచ్చానురా,” అన్నాడు మేస్త్రితో. “అదే మిషను, అదే క్యాసెట్టు. పాట గుర్రంలా పరిగెడుతోంది. నెల రోజులు ఇదే పాటను నేను ఇంకోలా విన్నానంటే తప్పు నా చెవిదే అనుకున్నాను. చెవే తప్పైనవాడు ఇంకేం పాడతాడని మానేశాను.”

“సభ నుంచి రాగానే నాన్న ఆ మోటారు విప్పాడు,” అంది అక్క. “సరైన చుట్లు చుట్టాడు. తీగ పట్టుకున్నది నేనే. వీణ్ణి ఒక్క మాట అనలేదు, నీ స్నేహితుడికి నువ్వే చెప్పుకో అన్నాడు. రేపు చెప్తానన్నాడు వీడు. చెప్పే ఉంటాడనుకుని నేను పెళ్ళై వెళ్ళిపోయాను.”

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. “ఇంత పెద్ద తప్పు ఈ భూమ్మీద ఇంకెవడూ చేసి ఉండడురా,” అని మొదలుపెట్టాడు. “ఆ తప్పు బరువుకు ముప్ఫై నాలుగేళ్ళుగా నా వెన్నెముక ఇంత లోపలికి—”

“కొయ్యకు,” అన్నాడు దర్జీ.

వీధిలో ఒక సైకిలు వెళ్ళింది. పాలు పొంగబోతుంటే టీ కొట్టాయన మంట తగ్గించాడు.

“చుట్లు తప్పు చుట్టింది నేను,” అన్నాడు మేస్త్రి. “నువ్వు పాట సరిగ్గానే పాడావు.”

“ఎందుకు చెప్పలేదు?”

“తిడతావనుకున్నాను. నువ్వు తిట్టలేదు, పాడటమే మానేశావు. ఇక నోరు రాలేదు. ఆ సభ ఎంత గొప్పదో నలుగురికీ చెప్తూ పోతే నీకు కాస్తయినా...” ఆ మాట ఎలా ముగించాలో ఆయనకు తెలియలేదు. జీవితంలో మొదటిసారి మేస్త్రి ఒక వాక్యాన్ని సగంలో వదిలేశాడు.

దర్జీ ముఖం ఎర్రబడింది. తన పిల్లలు పాట వినకుండా పెరిగారని అన్నాడు. అక్క వచ్చి తమ్ముడి పక్కన కాకుండా దర్జీ పక్కన కూర్చుంది.

కొంతసేపటికి దర్జీ, ఆ హాల్లో మైకు ఉంటుందా అని టీచరును అడిగాడు. ఉంటుందంది.

“పాటకు ముందు వీడు ఆ మైకులో, చుట్లు తప్పు చుట్టింది తనేనని ఇందాక చెప్పిన మాట చెప్పాలి. ఆ మాటే. ముందూ వెనకా ఏమీ కలపకుండా.”

మేస్త్రి తల ఊపాడు. టీచరు కలం తీసి, పేరు ఏమని రాయమంటారని అడిగింది. దర్జీ తన సొంత పేరు చెప్పాడు. ఆవిడ ఒక్కో అక్షరం రాస్తున్నంతసేపూ కాగితం మీదికి వంగి చూశాడు. సాధన రేపు సాయంత్రం ఐదింటికని చెప్పి, అచ్చుకు వేళ మించిపోతోందని ఆవిడ లేచి వెళ్ళింది.

“గిటారు ఉందా?” అన్నాడు దర్జీ.

“ఉంది. తీగలు లేవు. వేళ్ళు కూడా తిరగవురా, ఇరవై ఏళ్ళయింది ముట్టుకుని,” అన్నాడు మేస్త్రి. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

“అయితే ఐదింటికి వెళ్తే చాలదు,” అన్నాడు దర్జీ లేస్తూ. “మూడింటికే వెళ్దాం.”