పెద్ద ఎముకల మనిషి

నార్వే ఉత్తర తీరంలో ఒక చిన్న మ్యూజియం. పాత సమాధిలో దొరికిన ఎముకల కొలతలతో సిగ్నె కంప్యూటర్లో చేసిన, వెయ్యేళ్ల కిందటి వైకింగ్ యోధుడు కత్తి పట్టుకున్న శిల్పం తెర మీద ఉంది. మ్యూజియం అధికారి హాల్వర్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

“కొమ్ములేవీ?”

“ఏ కొమ్ములు, హాల్వర్ గారూ?”

“టోపీకి, సిగ్నె. ఇనప టోపీకి.”

“వాళ్లెవరూ కొమ్ములు పెట్టుకోలేదని నాకు పాఠం చెప్పింది మీరే కదండీ.”

“చెప్పాను, చెప్పాను. సినిమాల్లో కొమ్ములు చూసొచ్చి టికెట్ కొనేవాళ్లకి ఎవరు చెప్తారు? పోనీ, వద్దులే. మనిషి మాత్రం బావున్నాడు. ఆ భుజాలు చూడు. యోధుడంటే అలా ఉండాలి.”

“అవి యుద్ధాలు చేసిన భుజాలు కావు. బరువులు మోసి మోసి వెన్నుపూసలు అరిగిపోయాయి.”

“పడవలో తెడ్లు వేసుంటాడు.”

“బతికినన్నాళ్లూ చేపలే తిన్నాడు, పేదవాళ్ల తిండి. ఎముకల పరీక్షలో తేలింది. అదే గోతిలో ఉన్న పొట్టాయన మాత్రం మాంసం తిన్నాడు.”

“ఆ పొట్టోడి గొడవ ఇప్పుడెందుకు? సాయంత్రానికి ఫైలు త్రీడీ అచ్చుకి పోవాలి. శనివారానికి విగ్రహం గుమ్మంలో ఉండాలి.”

“తవ్వినప్పటి ఫొటో దొరికింది. కత్తి పొట్టాయన పక్కనుంది.”

“పాత ఫొటో. మసగ్గా ఉంటుంది.”

“స్పష్టంగా ఉంది. పెట్టెల్లో సర్దేటప్పుడు కత్తి ఈయన ఎముకలతో పెట్టేశారు. పెద్ద ఎముకలు కదా, యోధుడు ఈయనే అనుకున్నారు. పెట్టె మీద చీటీ మీ చేతిరాత.”

“నాకప్పుడు ఇరవై మూడేళ్లు.”

“మెడ ఎముక చూశారా?”

“గుర్తులేదు.”

“వెనకనుంచి ఒకటే వేటు. యజమాని పోతే, తోడుగా పంపడానికి ఈ బానిసని నరికి పక్కన పడుకోబెట్టారు. చూశారా, లేదా?”

“చూశాను. సరేనా? చూశాను. యుద్ధంలో తగిలిందనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది. ముప్పయ్యేళ్లుగా ఊరంతా ఈయన్నే మా వీరుడు, మా వీరుడు అంటోంది. ఇప్పుడు బానిస అంటే నా మొహాన ఉమ్మేస్తారు. ఆ గాటు మాట ఎత్తకు, ఫైలు పంపు. లేకపోతే సోమవారం నుంచి రావద్దు.”

“యజమాని కోసం చంపారు. చచ్చాక ఆ యజమాని వేషమే వెయ్యమంటున్నారు. నాకు అసహ్యంగా ఉంది.”

“సిగ్నె, ఫైలు పంపు.”

“పొద్దున్నే పంపేశాను. అచ్చు కూడా మొదలైంది.”

“అమ్మయ్య. ఇదేగా పంపింది?”

“ఇది పాతదండీ. పంపినదాంట్లో ఇద్దరున్నారు. పొట్టాయన కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఈయన ఆయన కాళ్ల దగ్గర మోకాళ్ల మీదున్నాడు, మెడ వంచుకుని.”