సగం ఇటుక

కాదురా, తెలీక అడుగుతాను, ఆ ఇనప స్టాండ్లు గోడకి ఆనించి పెట్టింది అలంకారానికా? ఒట్టి జాకీ మీద కారుని లేపి దాని కిందకి దూరిపోతావా? ఆయిలు మార్చడమెంత, అరగంట పని. ఆ అరగంట పనికి ప్రాణం పణంగా పెట్టాలా?

పలకవు. పలకొద్దులే. ఏడేళ్లుగా అక్కతో పలకనివాడివి ఇవాళ బండి కింద నుంచి పలుకుతావా? నీ కాళ్లు రెండూ కనబడుతున్నాయి. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగిపోయింది, చూసుకున్నావో లేదో. కాళ్లు కదులుతున్నాయి కాబట్టి వినపడుతోందనే అనుకుంటా.

రేపు పొద్దున్నే వెళ్లిపోతున్నావట కదా. ఎక్కడో ఫ్యాక్టరీలో డ్రైవరు పనట, ఇక అక్కడే ఉండిపోతావట, నాన్న దొరసాని దొరసాని అని నెత్తిన పెట్టుకున్న ఈ డొక్కు కారుని కూడా తోలుకుపోతావట. నాకెవరు చెప్పారు? పక్కింటావిడ! ఒకే ఇల్లు, ముందు గదుల్లో నేను, వెనక గదిలో నువ్వు, మధ్యలో ఒక్క గోడ. నీ కబురు నాకు పక్కింటావిడ చెప్పాలి. బాగుంది, చాలా బాగుంది.

అందుకే వచ్చా. ఇవాళ రాకపోతే ఇక రాలేను.

ముందు బయటికి రారా. ఈ వాకిలి గేటువైపు వాలుగా ఉంటుందని నీకు తెలీదా? నాన్న ఎలా చేసేవాడో మర్చిపోయావా? ఇంజన్ని ఓ ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి ఆపేసేవాడు. గేరులో పెట్టేవాడు. హ్యాండ్ బ్రేకు లాగి, "దీన్ని నమ్ముకుంటే అంతే సంగతులు" అని నవ్వేవాడు. వెనక చక్రాలకి చెక్క అడ్డు పెట్టి, కాలితో తన్ని మరీ చూసేవాడు. అప్పుడు గాని జాకీ ముట్టుకునేవాడు కాదు. జాకీ ఎత్తడానికే గాని మొయ్యడానికి కాదు, అనేవాడు. ఎత్తి, స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదకి దించి, మడ్‌గార్డు పట్టుకుని ఊపేవాడు. అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. వీధిలో వాళ్లు, "ఏం మెకానిక్కు గారూ, కారు కిందకి దూరుతున్నారా, యుద్ధానికి పోతున్నారా?" అని ఏడిపించేవాళ్లు.

అంత జాగ్రత్త మనిషి. అంత జాగ్రత్త మనిషీ ఇక్కడే కదరా పోయాడు? నువ్విప్పుడు వెల్లకిలా పడుకున్న చోటే.

ఈ ఏడేళ్లలో ఎన్నిసార్లు ఆయిలు మార్చావో చెప్పనా? పద్నాలుగుసార్లు. ప్రతిసారీ కుట్టుమిషను ఆపేసి కిటికీ దగ్గర నిలబడ్డా. నువ్వు పాక్కుంటూ బయటికొచ్చి చేతులు తుడుచుకునేదాకా అక్కణ్ణించి కదలను. ఒకసారి ఆ కంగారులోనే మళ్లీ కూర్చుని ఎవరిదో చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేశా, నానా మాటలూ పడ్డా. అయినా కిటికీలోంచి ఒక్క కేక వెయ్యలేకపోయా. ఏ మొహం పెట్టుకుని వెయ్యను?

స్టాండ్లు ఎందుకు ముట్టుకోవో నాకు తెలుసు. ఆ రోజు నాన్న చేతిలో ఉన్నవి అవే. వాటిని పెట్టడానికే కిందకి వంగాడు. జాకీ లేచింది, స్టాండు ఇంకా పెట్టలేదు, ఆ కాస్త సందులో దొరసాని వెనక్కి జారింది. వెనక చక్రం దగ్గర అడ్డుచెక్క లేదు. నువ్వు పెట్టిన సగం ఇటుక ఉంది. అప్పడంలా పగిలిపోయింది.

ఇప్పుడూ సగం ఇటుకే పెట్టావు. చూస్తూనే ఉన్నాలే.

ఉండు, నేనొకటి పెడుతున్నా. ఆ వెనక చక్రం దగ్గర, ముందు దీన్ని దోపి, ఆ తర్వాతే ఇటుక తీస్తా. కాస్త తల తిప్పి చూడు.

పానా చప్పుడు ఆగింది. గుర్తుపట్టావు.

అదే. విరిగిన మంచం కోడుని కోసి నాన్న చేసిన చెక్క. ఆ మూల నల్లటి ఆయిలు మరక కూడా అలాగే ఉంది. ఏడేళ్లు నా మిషను సొరుగులో ఉంది, గుడ్డముక్కల అడుగున. పారేద్దామని ఎన్నిసార్లు తీశానో. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, పొయ్యిలో పెట్టడానికీ రాలేదు.

చెప్పనీ. మధ్యలో ఆగితే మళ్లీ నా నోరు పెగలదు.

అప్పుడు నా పిల్లకి మూడో నెల. రాత్రంతా ఏడ్చి ఏడ్చి పొద్దున పదింటికి కళ్లు మూసింది. గాలి. ఆ గది తలుపు ఒకటే కొట్టుకోవడం. వాకిట్లో చెక్క కనబడింది, తెచ్చి తలుపు కింద దోపాను. ఎంతసేపని, ఓ గంట కదా అనుకున్నా. నాన్న ఆ రోజు బండి ఎత్తుతాడని నాకేం తెలుసు?

ఇంతవరకూ నా తప్పు లేదనుకో. ఇంతవరకే.

నువ్వొచ్చావు కిటికీ దగ్గరికి. "అక్కా, చెక్క చూశావా? నాన్న అడుగుతున్నాడు" అన్నావు. నేనేం చేశాను? పెదాల మీద వేలు పెట్టి, "ష్ష్, పిల్ల లేస్తుంది, ఏదో ఒకటి పెట్టుకో పో" అన్నా. చెక్క నా వెనక రెండడుగుల్లో ఉంది. నాకు తెలుసురా. తెలిసే అన్నా. తీస్తే తలుపు కొట్టుకుంటుంది, పిల్ల లేస్తుంది, మళ్లీ ఎత్తుకుని తిరగాలి. అంతే. నాన్న ప్రాణానికి నేను కట్టిన విలువ ఒక గంట నిద్ర.

తర్వాత అంతమంది జనంలో గుండెలు బాదుకుంటూ ఏమన్నాను? "వీడే, ఈ దరిద్రుడే సగం ఇటుక పెట్టి నాన్నని చంపేశాడు" అన్నా. నువ్వు నా వంక చూశావు, అంతే. ఆ రోజు నుంచి వీధిలో నిన్నెవడూ పేరు పెట్టి పిలవడు. ఇటుకోడు అంటారు. ఆ పేరు నీకు పెట్టింది నేనే.

ఏంటి, వస్తున్నావా? రా. మెల్లగా, తల. తల జాగ్రత్త.

కొట్టాలనుంటే కొట్టరా. నిజంగా. చెంప పగలగొట్టినా కిమ్మనను. నా మొహం వంక చూడనన్నా చూడు.

స్టాండ్లా? ఇదిగో, ఇవిగో. అలా. ఆ పక్కది కాస్త లోపలికి. ఇప్పుడు దించు. హమ్మయ్య. ఊపి చూడు. నాన్నలాగే రెండు దెబ్బలు వేశావురా. చెయ్యి కూడా అచ్చం నాన్న చెయ్యే.

అదేంటి? చెక్క ఎందుకు తీస్తున్నావు? దాన్ని ఉండనీ, బండికి...

నాకెందుకిస్తావు?

దీన్ని ఒక్కసారైనా తిప్పి చూడవేం? ఇన్నాళ్లూ ఎక్కడుందని అడగవేం? నేను అంత చెబితే ఉలిక్కిపడలేదేం నువ్వు?

నీకు తెలుసు.

తెలుసు కదూ? ఆ రోజే చూశావు. కిటికీలోంచి నా వెనక తలుపు కనబడుతుంది కదా, తలుపు కింద చెక్క కనబడుతుంది కదా. చూసి కూడా, పిల్ల లేస్తుందని, మాట్లాడకుండా వెళ్లి ఇటుక తెచ్చుకున్నావు. జనంలో నా వంక చూసింది అందుకా? అక్కే చెబుతుందని చూశావా? ఏడేళ్లు గోడకి ఆ పక్కన కూర్చుని ఎదురుచూశావా?

అయ్యో. నోటితో అననక్కర్లేదులే. తల ఊపావు, చాలు.

మరి ఇప్పుడు చెప్పానుగా. ఏం, ఇప్పుడు చెప్పింది లెక్కలోకి రాదా?

చెక్క నా చేతిలోనే వదిలేసి, మళ్లీ ఆ ఇటుకనే తోశావా చక్రం కిందకి. సరే.

పోనీలే. స్టాండ్లన్నా పెట్టావు. పని కానియ్. ఆయిలు నట్టుకి పాత వాషరు వెయ్యకు, దూరం పోయే బండి. నువ్వు బయటికొచ్చేదాకా ఈ మెట్టు మీద కూర్చుంటా. పద్నాలుగుసార్లు కిటికీలోంచి చూశాను, ఇది పదిహేనోది.

మాట్లాడనులే.