బరువా, పరువా

ముందా ముసుగు తీయి తల్లీ. దుమ్ము పడకుండా పెట్టుకున్నావు, బాగానే ఉంది. మరి నువ్వేమంటున్నావో నాకెలా తెలియాలి? పొద్దుట్నించీ ఇదే వరస. నిన్న ఒకాయన వచ్చాడు. గడ్డం, మీసం కలిసిపోయి నోరెక్కడుందో కనపడదు. అరగంట మాట్లాడాడు. నేను తలూపాను. దేనికూపానో నాకే తెలీదు. ఆస్తి రాసిచ్చేశానేమో!

ఆ, ఇప్పుడు చెప్పు. మెల్లగా. అరవకు, అరిస్తే పెదాలు వంకరపోతాయి. మామూలుగా అను చాలు.

నువ్వు, నువ్వు అంటున్నానని ఏమనుకోకు. ఇంజనీరమ్మవే, కాదన్నానా? కానీ మా పెద్దమ్మాయి ఈడుదానివి. 'మీరు' అనబోతే నాలుక మొరాయిస్తోంది.

కూర్చో. అయ్యో, దాని మీద కాదు! అది బొమ్మట. నేనూ మొదటిరోజు బల్ల అనుకుని టిఫిన్ డబ్బా పెట్టాను. లోపల్నుంచి ఒకమ్మాయి గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. మా నూలు బుట్టలే అవి. తిరగేసి, మేకులు కొట్టి, కింద చీటీ అంటించారు. నూలు మోసినన్నాళ్ళూ వాటిని కాళ్ళతో తన్నేవాళ్ళం, ఇప్పుడు ముట్టుకుంటే తప్పు.

నవ్వుతావేం? మిల్లు బాయిలర్ గదిలో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు. అద్దకం షెడ్డులో పటాలు. గోదాములో కాపురాలు. పైన బట్ట బేళ్ళు పేర్చే గది నాట్యశాల. నాకో మగ్గం ఇచ్చారు. రోజుకి రెండుసార్లు ఆడించాలి, జనం చుట్టూ నిలబడి చూస్తారు. నిన్న ఒక పెద్దమనిషి, 'ఈ మాత్రం చప్పుడుకే చెవులు పోయాయా అమ్మా?' అన్నాడు. నూట ఇరవై మగ్గాలు పెట్టుకో నాయనా, ముప్పై ఏళ్ళు మధ్యలో నిలబడు, అప్పుడొచ్చి అడుగు, నువ్వడిగింది నీకే వినపడదు అన్నాను.

సరే, పనిమీద వచ్చావు. ఏంటా కాగితం?

ఓ... అదా.

ఇంకా ఉందా అది? చెదలు అన్నీ తింటాయి గానీ తినాల్సినవి తినవు.

అవును, నా సంతకమే. ఆ చివరి అక్షరం తోక అలాగే వంకరగా వేస్తాను. ఇరవై రెండేళ్ళయింది. ఆఫీసు గదిలో, నిలబెట్టి, చేతికి పెన్నిచ్చి రాయించారు.

మెల్లగా అను. మళ్ళీ అను. ఆ రోజు పై అంతస్తు కూలింది వడ్రంగి మేస్త్రీ దూలం కింది ఊతం తీసేయడం వల్ల. దూలాల్లో లోపం లేదు. అతను ముందుగా ఎవరినీ హెచ్చరించలేదు. ఇదంతా నిజమేనని నేను మళ్ళీ ఒక్క సంతకం పెడితే గోడలు పగలగొట్టి చూడక్కర్లేదు. అంతేనా? పాత సున్నం గోడ చెక్కు చెదరకూడదని పైవాళ్ళ మాట. శుక్రవారం నాట్యశాల ప్రారంభం. పైన మూడు వందల మంది.

ఇసుక బస్తాలేసి చూశానంటావు. ఎక్కడేశావు? నడి మధ్యన. మధ్యన బాగానే ఆగుతుంది తల్లీ. దూలం చచ్చేది మధ్యన కాదు, గోడలో తలపెట్టుకున్న చోట.

నేనా? నాకేం చదువుంది, ఇంజనీరునా? ఉండు, ఒకటి చూపిస్తాను. ఈ పొట్లం విప్పు. పీల్చకు, తుమ్ములొస్తాయి.

నాలుగు రోజులుగా సాయంత్రం పూట పైన ఆ నాట్యం పిల్లలు అభ్యాసం చేస్తున్నారు. నాకు వినపడదు గానీ అరికాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు అడుగేసినప్పుడల్లా నా మగ్గం మీద, తెల్లటి బట్ట మీద, ఏదో సన్నగా పడుతోంది. సున్నం అనుకున్నాను. సున్నమైతే తెల్లగా ఉండాలిగా? ఇది చూడు, గోధుమ రంగు. వేళ్ళ మధ్య నలిపి చూడు. కొయ్య పొడి. పిండి.

నా మగ్గం సరిగ్గా ఆ చోటే పెట్టారు. వెలుతురు బాగా పడుతుంది, ఫొటోలు బాగా వస్తాయట. ఒకప్పుడు ఆ చోటే మా తోడికోడలిది.

చెప్తున్నాను, ఉండు. మధ్యలో అడిగితే దారం తెగుతుంది.

మిల్లులో నోటి మాట వినపడదు. పెదాలే మాట. ఈ చివర మగ్గం దగ్గర అన్న మాట ఆ చివరికి పోవాలంటే మధ్యలో ఎవరో ఒకరు చూసి అందించాలి. నా మగ్గాలు నట్టనడుమ, మేడమెట్లకి ఎదురుగా. అందుకని నాకు 'తంతి' అని పేరు. తంతి, భోజనం గంటెప్పుడు? తంతి, నా చెప్పు ఎవరేసుకుపోయారు? తంతి, సూపర్వైజరు వస్తున్నాడా? అన్నీ నా మొహం మీదుగానే పోయేవి.

అందులో ఒక చిక్కుంది. పాట, బాట, మాట. పెదాల మీద మూడూ ఒకటే. కావాలంటే అద్దం ముందు నిలబడి అను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావన్నాడని నవ్వుతారు గానీ, వాడు కళ్ళతో విన్నాడు పాపం, వాడి తప్పేముంది?

ఆ రోజు మేస్త్రీ మేడమెట్ల మీద నిలబడ్డాడు. చేతిలో ఉలి. మొహం పాలిపోయి ఉంది. దూలం తల గోడలో ఎలా ఉందో చూద్దామని ఉలి పెట్టాడట, వెన్నలోకి దిగినట్టు దిగిందట. ఇది తర్వాత అతను చెప్పిందే. పైన బేళ్ళు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. అతను నన్ను చూసి అన్నాడు: 'బరువు తీయించు.'

నేను చదివింది ఏంటో తెలుసా? 'పరువు తీయించుకోకు.' ఆ 'కోకు' నేనే కలుపుకున్నాను.

ఎందుకంటే ఆ పొద్దున్నే గేటు దగ్గర నేనూ మా తోడికోడలూ జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశాం. దేనికి? గొడుగుకి! నా గొడుగు తీసుకెళ్ళి పుల్ల విరిచి తెచ్చింది. నువ్వు ఇచ్చినప్పుడే విరిగుందక్కా అంది. అబద్ధాలకోరు అన్నాను, మీ పుట్టింటి బుద్ధి అన్నాను. అందరూ విన్నారు. మేస్త్రీ కూడా విన్నాడు. మరి మెట్ల మీద నిలబడి పరువూ అంటే, నీతులు చెప్పొచ్చాడనుకోనా? ఒళ్ళు మండింది. మొహం తిప్పేసుకున్నాను.

కాసేపటికి కాళ్ళ కింద నేల అదిరింది. తలెత్తేసరికి తెల్లటి దుమ్ము, దుమ్ములో బేళ్ళు. మా తోడికోడలు కనపడలేదు. దాని మగ్గాలు కనపడలేదు.

దాన్ని బయటికి తీసేసరికి పొద్దు వాలింది. దాని మొగుడు, మా మరిది, ఒట్టి చేతుల్తో ఇటుకలు లాగాడు, గోళ్ళూడి వచ్చాయి.

మర్నాడు ఆఫీసులో మేస్త్రీ ఒకటే మాట. 'నేను తంతికి చెప్పానయ్యా, బరువు తీయించమని చెప్పాను.' నన్ను పిలిచారు. చెప్పాడా? అనడిగారు. పక్కనే మా మరిది ఉన్నాడు, చేతులకి కట్లు. చెప్పలేదు అన్నాను నేను. ఏమీ చెప్పలేదు అన్నాను. ఇదిగో, ఇక్కడ సంతకం.

నేను లేదన్నాక ఇంకేముంది? మేస్త్రీ అబద్ధాలాడుతున్నాడు, తప్పు వాడిదే, ఊతం వాడే తీసుంటాడు, దూలాలు బంగారం లాంటివి అని వాళ్ళే రాసుకున్నారు. విరిగిన ఒక్క దూలం మార్చారు, మిగతావి, దాన్ని ఆనుకుని ఉన్నవి కూడా, సున్నం పూసి వదిలేశారు. అతన్ని గెంటేశారు. పనిముట్ల సంచి భుజానేసుకుని, పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఎక్కడో చనిపోయాడని తర్వాత తెలిసింది.

మాకు చిన్నప్పుడు పంతులుగారు ఒక కథ చెప్పేవారు. ఒకడు దొంగసొత్తేదో బావిలో పడేసి, ఎవరికీ కనపడకుండా మూతేశాడట. కొన్నాళ్ళకి ఆ మూత చల్లగా ఉందని జనం దాని మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి అరుగు కట్టారు. ఆ తర్వాత అరుగు మీద పెళ్ళిపందిరి. వాడు రోజూ పెళ్ళికి పిలవకుండానే వెళ్ళి, నించోండి నించోండి, కూర్చోకండి అనేవాడట. పిచ్చివాడన్నారు. కథ అయ్యాక పంతులుగారు, వాడేం చేసుండాల్సింది? అనడిగేవారు. మేమంతా మూత తీసుండాల్సింది పంతులుగారూ అని కేక పెట్టేవాళ్ళం. పిల్లలకి ఎంత సులువో!

ఏమన్నావు? ఇటు తిరిగి అను. పొర... పొరపాటు? నీ తప్పు కాదమ్మా, పొరపాటుగా చదివావు, ఎవరైనా అలాగే చదువుతారు అంటున్నావా?

నా చెయ్యి పట్టుకోకు. వదులు.

నువ్వు కసిరినా బాగుండేది తల్లీ. జాలి పడ్డావు, ఇక ఆగలేను.

విను. పెదాలు మోసం చేస్తాయని మాకు తెలీదనుకున్నావా? ముప్పై ఏళ్ళు అవే చదివి బతికినవాళ్ళం. అందుకే అలాంటి మాటలకి చేత్తో సైగ ఉంటుంది. మాట అంటే వేలు నోటి మీద. బాట అంటే చెయ్యి ముందుకి. బరువంటే రెండు చేతులూ నెత్తిన పెట్టి కిందికి నొక్కడం. నిన్నగాక మొన్న చేరిన పిల్లకి కూడా తెలుసు.

నేను మొహం తిప్పుకున్న మాట నిజం. మళ్ళీ ఇటు తిరిగాను. మేస్త్రీ ఉలి కింద పడేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నాకు అర్థమైంది. పరువు కాదు, బరువు. పూర్తిగా అర్థమైంది.

నేను సరేనని తలూపాను కూడా. అది చూసి అతను నిశ్చింతగా పైకెళ్ళిపోయాడు, మెట్ల దగ్గరున్న చిన్న బేళ్ళయినా తనే దింపుదామని. అందుకే అతను బతికాడు, మెట్ల దగ్గరుండబట్టి.

నేనెందుకు కదల్లేదంటే... చెప్తే నవ్వుతావు. సూపర్వైజరు ఆ చివర్న ఉన్నాడు. అక్కడికి పోవాలంటే దారి దాని మగ్గాల మధ్య నుంచి. దాని పక్కగా, చీర చీరకి తగిలేలా పోవాలి. మాకు మాట్లాడకపోవడమంటే చూడకపోవడమే. పొద్దుట్నించీ దాని వైపు చూడలేదు. ఇప్పుడు నేనే ముందు దాని ఎదురుగా పోతే ఓడిపోయినట్టు కాదూ? ఈ కండెలో నూలు అయిపోనీ, అది ఎటూ నీళ్ళు తాగడానికి లేస్తుంది, అప్పుడు పోదాం అనుకున్నాను. కండెకెంతసేపు? అయిదు నిమిషాలు.

కండె అయిపోలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను ఆ మొదటి సగమే చెప్పుకున్నాను. బరువు, పరువు, పెదాలు, పొరపాటు. చెప్పగా చెప్పగా నున్నగా అరిగి, నిజంలాగే తయారైంది. ఈమధ్య ఆ పొడి బట్ట మీద పడుతుంటే, అప్పుడు కూడా ఏం చేశానో తెలుసా? చీపురు తెచ్చి ఊడ్చాను. మొదటిరోజు ఊడ్చాను. రెండో రోజు ఊడ్చాను. మూడో రోజు పైన చిన్నపిల్లలు కూడా ఎక్కారు, ఆరేసి ఏళ్ళవాళ్ళు, కాళ్ళకి మువ్వలు. అప్పుడు పొట్లం కట్టాను.

ఆ కాగితం ఇలా ఇవ్వు. దాని మీద సంతకం పెట్టను. వేరే తెల్లకాగితం ఇవ్వు, నేను చెప్తాను, నువ్వు రాయి. 'మేస్త్రీ చెప్పాడు. నేను చూశాను. అర్థం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.' అంతే రాయి. పెదాలూ, గొడుగూ రాయకు. అవి రాస్తే నా మీద జాలిపడతారు.

గోడ పగలగొట్టించు. ఆ చివర్నే కాదు, అన్ని దూలాల తలలూ చూడు. ప్రారంభం ఆగిపోతుందంటావు. ఆగనీ. నీ పైవాళ్ళు తిడతారు. తిట్టనీ. నన్ను మగ్గం మీంచి దింపేస్తారు. దింపనీ, ఆ చప్పుడు నాకెటూ వినపడదు.

ఏంటి? మా మరిదా? ఇంట్లోనేనా?

అవును, నా దగ్గరే ఉంటాడు. ఇరవై రెండేళ్ళుగా నా చేతి అన్నమే. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే లేచిపోయేవాడు. ఇప్పటికీ ఎవరైనా మేస్త్రీ మాటెత్తితే వాకిట్లోకెళ్ళి ఉమ్మేసి వస్తాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటాను. వదినా, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి అంటాడు.

వద్దు, నువ్వు రావద్దు. నేనే చెప్తాను. ఈ పూటే. ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని మొహం చూస్తూ చెప్తాను. చెప్పడం నా వంతు. జవాబు అతని వంతు.

ఏమంటాడో మరి. మొహం అటు తిప్పుకుని అన్నాడనుకో, నాకేం తెలుస్తుంది?