అగ్గిపెట్టెలో గొల్లభామ

1982. పుంగనూరులో అబ్దుల్ జబ్బార్ వాచీలు బాగుచేసే అంగడి. కుప్పం నుంచి వచ్చిన రైల్వే గుమాస్తా వెంకటస్వామి బల్ల మీద అగ్గిపెట్టె పెట్టి నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ గొల్లభామలను, అంటే ముంగాళ్ళు దణ్ణం పెట్టినట్టు మడుచుకుని వేటాడే పురుగులను, సీసాల్లో పెంచే పిచ్చి.

"తీసుకుపో అంటాండా కదా. నీ అగ్గిపెట్టె నా బల్ల మీద పెట్టొద్దు."

"ఒక్కసారి సూడన్నా. ఇదేం రకమో చెప్పు. ఆపైన నేనెందుకొచ్చినానో చెప్తా."

"నన్నడిగేదేంది? మదనపల్లి ఎగ్జిబిషన్లో షీల్డు కొట్టినోడివి. రకాలన్నీ నీకే తెలవాల."

"జబ్బారన్నా, ఆ సంగతే..."

"ఆ సంగతి నేను చెప్తా, విను. హార్సిలీ కొండ మీద కంపల్లో పడి, చేతులు గీరుకోని పట్టకొచ్చినా దాన్ని. ఎండుటాకు రంగు, తల మీద కొమ్ము. ఏం రకమో తెలీక నీకి సూపిస్తే ఏమన్న్యావు?"

"అన్నా..."

"ఏమన్న్యావు? నీ నోటితోనే చెప్పు."

"మామూలు గొల్లభామే, రోగం తగిలి అట్లయిండాది, వదిలేయ్ అన్న్యా."

"వదిలేసినా. పాపం బతుక్కోనీలే అని నా చేత్తో నేనే కంచె మీద వదిలేసినా. సూస్తే మదనపల్లిలో నీ సీసాలో ఉండాది. ఎనక కాలు వంకర కూడా అదే. జనమంతా నీకి దండలేస్తాంటే గుంపులో నిలబడి సూసినా. ఆ మంట ఇంగా ఆరలేదప్పా నాకి."

"తప్పే. కాదనను. ముందు దీన్ని సూడు. అద్దం పెట్టుకోని సూడు."

"సూసినా. చీమ."

"సరిగా సూడన్నా."

"నల్లచీమ. ఆగు, ఆగు. ముంగాళ్ళు మడుచుకోనుండాది. తల తిప్పి నన్నే సూస్తాండాది."

"ఇప్పుడు చెప్పు."

"గొల్లభామే. చీమ మాదిరి గొల్లభామ. ఇట్లాంటి రకం నేను యాడా సూడలేదు. ఇంగోటుండాదా నీ దగ్గర?"

"లేదన్నా. మిగతావన్నీ ఒకదాన్నొకటి తినేసినాయి. ఇదొక్కటే."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. యాల నవ్వుతావు?"

"ఏం లేదు. రెండో షీల్డు తగిలించేదానికి గోడకి మేకు కొట్టుకోనే ఉంటావు కదా, అని."

"షీల్డు కోసరం కాదు. అన్నా, పెట్టె యాడికి తీసుకుపోతాండావు? అన్నా."

"పెరట్లోకి. దీనికీ రోగం తగిలిండాది. వదిలేస్తా. పాపా మైమూన్, ఆ కోడిని ఇట్ల తోలు."

"వద్దన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా..."

"అయిపాయ. ఒక్క పోటుకే మింగేసె కోడి. ఇప్పుడు సల్లగుండాది నా కడుపు. పో, కుప్పంలో అందరికీ చెప్పుకో, జబ్బార్ పగ తీర్చుకున్న్యాడని. యాల అట్ల కూలబడినావు? పురుగే కదా."

"నువ్వెప్పుడూ గుడ్లు పొదిగించలేదు, నీకి తెలీదన్నా. కొన్ని రకాల పిల్లలు పుట్టినప్పుడు అచ్చం చీమల మాదిరే ఉంటాయి. రెక్కలు, కొమ్ము, రంగు అన్నీ ఆపైన వస్తాయి."

"ఏ రకం పిల్లలు?"

"నీ కొమ్ము గొల్లభామ నా సీసాలో గుడ్లు పెట్టి సచ్చిపాయ. దాని బిడ్డన్నా అది. నీది నీకిచ్చి పోదామని తెచ్చినా."